టెగు దగ్గరికి రానివ్వకపోవడానికి కారణం కోపమా, చలా?

ప్రశ్న: రెండు నెలల క్రితం నలుపు తెలుపు చారలున్న టెగు అనే పెద్ద బల్లి పిల్లను తెచ్చుకున్నాను. ఇంతకుముందు సరీసృపాలను పెంచిన అనుభవం నాకు లేదు. మూడడుగుల గాజు తొట్టెలో పాత వార్తాపత్రికలు పరిచి, పైన ఒక బల్బు వేలాడదీశాను. ఎండ తగులుతుందని తొట్టెను కిటికీ పక్కన పెట్టాను. మొదట్లో చురుగ్గా తినేది. ఇప్పుడు రోజులో ఎక్కువ భాగం కాగితాల కింద దూరి పడుకుంటోంది. కోడిమాంసం కీమా పెడితే రెండు రోజులకోసారి కొద్దిగా తింటోంది. చేయి పెట్టగానే బుసకొట్టి తోకతో కొట్టబోతోంది. రోజూ గంటసేపు బలవంతంగానైనా చేతిలో పట్టుకుంటే అదే అలవాటు పడుతుందని ఒకరు చెప్పారు. అలా చేయడం మొదలుపెట్టిన వారం నుంచి ఇంకా ఎక్కువగా దాక్కుంటోంది. దానికి నేనంటే ఇష్టం లేదా? దాన్ని ఎలా మచ్చిక చేసుకోవాలి?

సమాధానం: మీరు అడిగింది మచ్చిక గురించి. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు కనిపించింది మాత్రం చలి. బల్లిజాతి జంతువు స్వభావం ఎలాంటిదో చెప్పాలంటే, దాని ఒంటికి కావలసిన వేడి అందుతోందని ముందు తెలియాలి. వేడి చాలని టెగు తిండి తగ్గిస్తుంది, దాక్కుంటుంది, దగ్గరికి వచ్చిన ప్రతి చేతినీ శత్రువుగా చూస్తుంది. కండరాలు చల్లబడిన జంతువు వేగంగా పారిపోలేదు. పారిపోలేనప్పుడు దానికి మిగిలే దారి బెదిరించడమే. మీ పిల్ల కొడుతున్న బుసకు అర్థం ఇదే కావచ్చు కనుక, అది మిమ్మల్ని అసహ్యించుకుంటోందన్న దిగులు ముందు మనసులోంచి తీసేయండి.

ఈ రోజే చేయవలసిన పనులు రెండున్నాయి. మొదటిది, దాన్ని చేతిలోకి తీసుకోవడం పూర్తిగా ఆపేయండి. రెండవది, తొట్టెను కిటికీ పక్కనుంచి జరపండి. కిటికీ అద్దం, తొట్టె గాజు కలిసి సూర్యకాంతిలో టెగుకు అవసరమైన అతినీలలోహిత బి కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డుకుంటాయి, వేడిని మాత్రం లోపలికి రానిచ్చి అక్కడే నిలవబెడతాయి. అంటే ఎండ వల్ల కలగవలసిన మేలు ఏమీ దానికి అందడం లేదు. మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే మాత్రం, తప్పించుకునే నీడ లేని గాజు తొట్టెలో కొద్దిసేపట్లోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది.

మీ దగ్గరున్న జంతువు గురించి రెండు మాటలు చెప్పాలి. దాని శాస్త్రీయ నామం సాల్వేటర్ మెరియానే. స్వస్థలం దక్షిణ అమెరికాలోని బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే ప్రాంతాలు. చూపుకు ఉడుములా ఉంటుంది, ఉడుములాగే చీలిన నాలుకతో వాసన పసిగడుతుంది, కానీ ఈ రెండూ వేర్వేరు కుటుంబాలకు చెందినవి. ఒకే రకమైన బతుకు బతికినందువల్ల వేర్వేరు ఖండాల్లో ఇంచుమించు ఒకే రూపం వచ్చింది. అరచేతిలో ఇమిడే పిల్ల మొదటి ఏడాదిలోనే రెండు మూడు అడుగులు పెరుగుతుంది. పెద్దయ్యాక ఆడది మూడడుగులకు అటూఇటూ, మగది నాలుగడుగులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పొడవు ఉంటుంది. మంచి సంరక్షణలో పదిహేను నుంచి ఇరవై ఏళ్లు బతుకుతుంది. మీరు ఇప్పుడు తీసుకునే ప్రతి నిర్ణయం వెనుక ఈ రెండు లెక్కలు, అంటే నాలుగడుగుల శరీరమూ ఇరవై ఏళ్ల ఆయుష్షూ, గుర్తుండాలి.

ఇక వేడి సంగతి. మనలా టెగు తన ఒంట్లో నిరంతరం వేడి పుట్టించుకోలేదు. ఎండలో కాగి, నీడలోకి జరిగి, మళ్లీ ఎండలోకి వచ్చి తన ఉష్ణోగ్రతను తానే సర్దుకుంటుంది. కాబట్టి దానికి కావలసింది ఒకే ఉష్ణోగ్రత ఉన్న పెట్టె కాదు. ఒక కొస బాగా వేడిగా, రెండో కొస చల్లగా, మధ్యలో క్రమంగా మారుతూ ఉండే చోటు. అది ఎండ కాచుకునే రాయి లేదా చెక్క పైభాగం 40 నుంచి 48 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చల్లని కొస 24 నుంచి 27 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. రాత్రి దీపాలన్నీ ఆరిపోవాలి, అయినా గది 21 డిగ్రీల కన్నా చల్లబడకూడదు. అంతకన్నా చల్లబడే చోట వెలుతురు ఇవ్వకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్‌ను, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో కలిపి వాడాలి. రాత్రంతా వెలిగే ఎర్ర బల్బులు వద్దు, వాటి వెలుగులో అది సరిగా నిద్రపోదు.

48 డిగ్రీలంటే ఎక్కువగా అనిపించవచ్చు. అది రాయి పైభాగపు ఉష్ణోగ్రతే తప్ప గాలిది కాదు. ఆ రాయి మీద పొట్ట ఆనించి పడుకున్నప్పుడు ఒంటికి అందే వేడితోనే తిన్నది అరుగుతుంది. వేడి అందకపోతే తిన్న మాంసం కడుపులో అరగక కుళ్లుతుంది, ఆకలి చచ్చిపోతుంది. మొదట చురుగ్గా తిన్న మీ పిల్ల ఇప్పుడు మానుకోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా అనుమానం. గాజుకు అంటించే గుండ్రటి థర్మామీటర్లను నమ్మవద్దు. అవి గోడ దగ్గరి గాలిని కొలుస్తాయి తప్ప రాతిని కొలవవు. గురిపెట్టి మీట నొక్కితే ఉపరితల ఉష్ణోగ్రత చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొనండి. ఇంకేదైనా కొనడం వాయిదా వేయండి గానీ దీన్ని వేయవద్దు.

బల్బు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. టెగు పెరిగేకొద్దీ ఒక్క సన్నని స్పాట్ బల్బు దాని వీపులో అరచేతంత మేరనే కాలుస్తుంది, మిగతా ఒళ్లు చల్లగానే ఉంటుంది. చలి తీరక అది అక్కడి నుంచి కదలదు, ఆ ఒక్కచోట చర్మం కాలిపోతుంది. అందువల్ల వెలుతురును వెడల్పుగా పరిచే ఫ్లడ్ బల్బులను రెండు మూడు పక్కపక్కన పెట్టి, ముక్కు నుంచి తోక మొదలు వరకు ఒంటినంతా కప్పేలా వేడి పడనివ్వాలి. బల్బులు దానికి అందని ఎత్తులో ఉండాలి. లోపల కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. కింది నుంచి కాలుతున్న సంగతి బల్లులు సకాలంలో గుర్తించలేవు.

వేడినిచ్చే మామూలు బల్బు నుంచి అతినీలలోహిత బి కిరణాలు రావు. వాటికోసం విడిగా యూవీబీ ట్యూబ్‌లైటు పెట్టాలి. ఈ కిరణాలు చర్మానికి సోకితే డి3 విటమిన్ తయారవుతుంది, ఆ విటమిన్ ఉంటేనే తిండిలోని కాల్షియం ఒంటికి పడుతుంది. అది అందని పిల్లల ఎముకలు మెత్తబడతాయి. దవడ రబ్బరులా వంగడం, వేళ్లు వణకడం, కాళ్లు వంకరపోవడం, పొట్టను నేలమీంచి ఎత్తి నడవలేకపోవడం ఆ జబ్బు లక్షణాలు. ఒకసారి వంగిన ఎముక మళ్లీ తిన్నగా రావడం అరుదు. తొట్టె పొడవులో సగానికి పైగా వచ్చే టీ5 (సన్నని రకం) యూవీబీ ట్యూబును, గాజు గానీ ప్లాస్టిక్ గానీ అడ్డు లేకుండా, తయారీదారు సూచించిన దూరంలో బిగించి రోజుకు పన్నెండు గంటలు వెలిగించండి. నా దగ్గర పెరిగిన తొలి టెగు విషయంలో నేను ట్యూబును గాజు మూత మీద పెట్టి, వెలుగుతోంది కదా అని నెలల తరబడి నిశ్చింతగా ఉన్నాను. దాని వేళ్లు వణకడం చూసిన వైద్యురాలు మొట్టమొదట అడిగిన ప్రశ్న ట్యూబుకూ జంతువుకూ మధ్య ఏముందనే. ఆ ప్రశ్న నాకు ఈనాటికీ బాధ కలిగిస్తుంది, అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. మరొక సంగతి: కంటికి వెలుగు బాగానే కనిపిస్తున్నా ట్యూబులోని ఆ కిరణాల శక్తి తగ్గిపోతూ ఉంటుంది, కనుక ఏడాదికోసారి మార్చాలి.

వార్తాపత్రికలు తీసేయండి. టెగు పుట్టుకతోనే బొరియలు తవ్వే జీవి. మీ పిల్ల కాగితాల కింద దూరడం మీ మీద అలక కాదు, మట్టి దొరకక అది చేసుకున్న ఏర్పాటు. రసాయన ఎరువులు కలపని మట్టిలో కొబ్బరి పొట్టు కలిపి, ఇప్పటికి అరడుగు లోతున, పెద్దయ్యాక అడుగుకు తక్కువ కాకుండా పోయండి. ఆ మిశ్రమాన్ని గుప్పిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు. అంత తడి ఉంటే గాలిలో తేమ దానికి కావలసిన 70 నుంచి 80 శాతానికి చేరువగా నిలుస్తుంది. పైభాగం జాలీతో తెరిచి ఉంటే ఈ తేమ నిలవదు, చాలామేరకు మూసి గాలి ఆడేంత సందు ఉంచాలి. తేమ చాలకపోతే కుబుసం సరిగా ఊడదు. టెగు పాములా ఒకే తొడుగుగా కాక ముక్కలు ముక్కలుగా కుబుసం విడుస్తుంది. వేళ్ల చుట్టూ, తోక చివర మిగిలిపోయిన పాత చర్మం ఎండి ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక ఆ భాగం ఊడిపోవచ్చు. అలా మిగిలితే లాగకండి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననిస్తే మెత్తబడి వస్తుంది. ఒళ్లంతా మునిగేంత నీళ్ల పళ్లెం లోపల ఎప్పుడూ ఉండాలి, అందులోనే అది తరచూ మలవిసర్జన చేస్తుంది కనుక నీళ్లు రోజూ మార్చాలి.

మూడడుగుల తొట్టె ఇంకొన్ని నెలలే సరిపోతుంది. పెద్ద టెగుకు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న గూడు కనీస అవసరంగా భావిస్తారు. దాదాపు ఒక మంచం కన్నా పెద్ద స్థలం మీ ఇంట్లో ఇరవై ఏళ్లపాటు దానికి కేటాయించగలరా అన్నది ఇప్పుడే ఆలోచించండి. చెక్కతో చేయించి లోపల తడి తగలని పూత వేయిస్తే వేడి, తేమ రెండూ గాజులోకన్నా బాగా నిలుస్తాయి.

తిండి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు గానీ, అందులోనే పెద్ద లోపం ఉంది. ఎముక లేని కోడి కీమాలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే పిల్లకు అదొక్కటే పెడితే, యూవీబీ ట్యూబు పెట్టినా ఎముకలు బలపడవు. టెగు సర్వభక్షకం. అడవిలో పురుగులు, నత్తలు, గుడ్లు, చిన్న జంతువులు తింటుంది, రాలిన పండ్లు తిని వాటి విత్తనాలను దూరదూరాలకు చేరుస్తుంది కూడా. ఈ వయసులో రోజూ తిండి పెట్టాలి, అందులో ఎక్కువ భాగం పురుగులు ఉండాలి: పెంపకంలో దొరికే కీచురాళ్లు, బొద్దింకలు, వాటికి ముందురోజే ఆకుకూరలు మేపి, పెట్టేముందు కాల్షియం పొడి అద్దాలి. పొలాల్లో, పెరట్లో పట్టుకున్న నత్తలకు, పురుగులకు మందు అంటి ఉండవచ్చు కనుక అవి వద్దు. పెరిగేకొద్దీ ఎలుక పిల్లల వంటి పూర్తి ఆహారాన్ని చేర్చవచ్చు, ఎందుకంటే ఎముకలు, కాలేయంతో సహా మొత్తం శరీరం తిన్నప్పుడు పోషకాలు సమతూకంలో అందుతాయి. గడ్డకట్టించినవి కరిగించి, గది వేడికి వచ్చాక పెట్టండి. బతికున్న ఎలుకను లోపల వదలవద్దు. అది తిరగబడి కరిస్తే గాయం చీము పడుతుంది.

గుడ్డు దానికి ప్రాణం. అయితే పచ్చి తెల్లసొనలోని ఒక మాంసకృత్తు బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి పట్టనివ్వదు, అందువల్ల తరచూ పెట్టేటట్లయితే ఉడికించి పెట్టండి. గోల్డ్‌ఫిష్ వంటి కొన్ని చేపల్లో థయమిన్ (బి1 విటమిన్)ను నాశనం చేసే పదార్థం ఉంటుంది, వాటిని అలవాటు చేయవద్దు. బొప్పాయి, అత్తి, గుమ్మడి, ఆకుకూరలు చిన్న ముక్కలుగా కోసి ఇప్పటినుంచే రుచి చూపించండి. పిల్లప్పుడు ముట్టనిది పెద్దయ్యాక తినడం కష్టం. అవకాడో, ఉల్లి పెట్టకండి. పెద్దయిన టెగుకు వారానికి రెండు మూడు సార్లు పెడితే చాలు. బందీగా పెరిగే టెగులలో కొవ్వు పేరుకోవడం చాలా మామూలు, అది ఆబగా తినడం చూసి మురిసిపోయి పెడుతూ పోవడమే దానికి కారణం.

ఇవన్నీ సరిచేశాక మచ్చిక మాట మొదలవుతుంది. కొత్త మట్టి, కొత్త వేడి అమరిన తర్వాత రెండు వారాలు దాన్ని ముట్టుకోకండి. ఒకరోజు వేసుకుని విప్పిన చొక్కానో పాత గుడ్డనో లోపల ఒక మూల ఉంచండి, టెగుకు ప్రపంచం చాలావరకు నాలుకతో అందుకునే వాసనే కనుక, మీ వాసన ప్రమాదం కాదని దాని ద్వారా తెలుసుకుంటుంది. రోజూ ఒకే వేళకు తొట్టె పక్కన కూర్చుని పుస్తకం చదువుకోండి. తిండిని పట్టకారుతోనో పళ్లెంలోనో ఇవ్వండి, వేళ్లతో ఎన్నడూ ఇవ్వవద్దు. వేలికీ తిండికీ తేడా తెలియని టెగు కరవడం కోపంతో కాదు, పొరపాటుతో. అయినా పెద్ద టెగు దవడ బలం ఎముక దాకా దిగుతుంది.

తరువాత చేతిని లోపల నేల మీద ఆనించి ఊరకే ఉంచండి. పైనుంచి దించకండి. ప్రకృతిలో దాన్ని తన్నుకుపోయే పక్షులు పైనుంచే వస్తాయి. అది నెమ్మదిగా వచ్చి నాలుకతో మీ చేతిని తడిమితే అది పలకరింపు. ఒళ్లు ఉబ్బించి, కాళ్ల మీద లేచి, తోకను వంచి బుసకొడితే అది హెచ్చరిక; అప్పుడు చేతిని విసురుగా లాక్కోకుండా, ముందుకూ జరపకుండా, అది శాంతించేదాకా అలాగే ఉంచి తీసేయండి. మీ చేయి ఎక్కడం అది తానుగా నేర్చుకున్నాకే ఎత్తుకోవాలి, ఎత్తినప్పుడు పొట్టకూ నాలుగు కాళ్లకూ ఆసరా ఉండాలి. తోక పట్టుకోకూడదు, చిన్న వయసులో తోక తెగిపోగలదు, మళ్లీ మొలిచినా మునుపటి రూపం రాదు. అది విసుగుపడి పెనుగులాడకముందే తిరిగి దించేయండి, అయిదు నిమిషాలైనా ఫరవాలేదు.

గంటసేపు బలవంతంగా పట్టుకోమన్న సలహాను నేను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. అలా పట్టుకున్న పిల్ల కొన్నాళ్లకు కదలడం మానేస్తుంది, కళ్లు మూసుకుంటుంది, చూసేవారికి అది మచ్చికైనట్టే ఉంటుంది. నిజానికి పెనుగులాడి లాభం లేదని తెలుసుకున్న జంతువు అలా ఉంటుంది. ఆ భయం పెద్దయ్యాక, శరీరానికి బలం వచ్చాక, కాటు రూపంలో బయటపడుతుంది. నెలలు పట్టినా తానుగా నడిచి వచ్చిన టెగు, గూడు తలుపు తెరిస్తే మీ ఒడిలోకి ఎక్కి కూర్చుంటుంది. అయితే రెండు మూడేళ్ల వయసులో మగవాటి దవడలు ఉబ్బి, ప్రత్యుత్పత్తి కాలంలో కొన్ని వారాలు చిరాగ్గా ఉంటాయి. ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెట్టవచ్చు. దానికి తవ్వుకోవడానికి లోతైన మట్టి ఉండాలి; ముక్కుతూ గుడ్లు పెట్టలేకపోతుంటే వెంటనే వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లాలి.

మీరు భయపడకూడని మరో విషయం ఉంది. పగటి వేళ తగ్గే రోజుల్లో టెగులు తిండి తగ్గించి బొరియలోకి వెళ్లి నెలల తరబడి నిద్రపోతాయి, కొన్ని మొదటి ఏడాదిలోనే అలా చేస్తాయి. ఇంత చలికి లొంగే జంతువే ప్రత్యుత్పత్తి కాలంలో రాత్రిపూట తన బొరియ కన్నా 10 డిగ్రీల వరకు ఎక్కువ వేడిగా ఉండగలదని 2016లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. పెద్దవాటిలో, ఆ కొద్ది కాలంలో మాత్రమే కనిపించే సామర్థ్యం అది, కనుక మీ పిల్లకు దీపం తప్పనిసరి. మరి ఈ నిద్రకూ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది? బరువుతో తెలుస్తుంది. వారానికోసారి తూచి రాసుకోండి. నిద్రపోయే ఆరోగ్యకరమైన టెగు బరువు పెద్దగా తగ్గదు. జబ్బుపడినది చిక్కిపోతుంది, తోక మొదలు సన్నబడుతుంది, కళ్లు లోతుకు పోతాయి. మీ పిల్ల విషయంలో వేడి సరిగా లేదని మీ ఉత్తరమే చెబుతోంది కనుక, ఇది కాలానుగుణమైన నిద్రేనని ఇప్పుడే అనుకోవద్దు.

సరీసృపాలను చూసే అనుభవమున్న పశువైద్యులను ఇప్పుడే వెతికి పెట్టుకోండి, ఈ నెలలోనే మలపరీక్ష ఒకటి చేయించండి. పొట్టలో పురుగులుంటే ఎంత మంచి తిండీ ఒంటపట్టదు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, దవడ వాపు, వేళ్ల వణుకు వీటిలో ఏది కనిపించినా రెండు వారాలు ఆగకండి. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల మలంలోనూ మనుషులకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని పళ్లేలను వంటింటి తొట్టిలో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఇంట్లో ఉంటే మరింత జాగ్రత్త అవసరం.

టెగుల అంతర్జాతీయ వ్యాపారం, అడవి జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ అనే అంతర్జాతీయ ఒప్పందం రెండవ అనుబంధం కింద నియంత్రణలో ఉంది. మీ ప్రాంతపు చట్టం దీన్ని పెంచుకోనిస్తుందో లేదో, మీ దగ్గరున్న పత్రాలు సరిపోతాయో లేదో సంబంధిత శాఖను అడిగి తెలుసుకోండి. పెంచలేమని ఎప్పుడైనా అనిపిస్తే ఆ మాట ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు, బాధ్యతగా తీసుకునేవారికి అప్పగించండి. బయట మాత్రం వదిలిపెట్టవద్దు. పెంపకం నుంచి వదిలేసినవీ తప్పించుకున్నవీ అమెరికాలోని ఫ్లోరిడాలో స్థిరపడి సంతతి పెంచుకున్నాయి, నేల మీద గుడ్లు పెట్టే తాబేళ్ల, మొసళ్ల గూళ్లను కొల్లగొడుతున్నాయి. 2021లో ఆ రాష్ట్రం వీటిని నిషిద్ధ జాతుల జాబితాలో చేర్చింది.

రెండు వారాల తరువాత మళ్లీ ఉత్తరం రాయండి. అందులో ఎండ కాచుకునే రాయి పైన, చల్లని కొసన, రాత్రి బొరియ దగ్గర కొలిచిన ఉష్ణోగ్రతలు, గాలిలో తేమ, రెండు వారాల బరువు, అది ఏమి తిన్నదీ రాస్తే, మిగతా సంగతి అప్పుడు చూద్దాం.